బాక్స్ స్కోర్ చదివే పద్ధతి: స్టార్ పాయింట్లు చివర, జట్టు ఆట ముందు

2023 ఫిబ్రవరి 7న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లేబ్రాన్ జేమ్స్ 38 పాయింట్లు కొట్టి, కరీం అబ్దుల్ జబ్బార్ పేరిట ఉన్న 38,387 పాయింట్ల కెరీర్ రికార్డును దాటాడు. ఆ రాత్రి అతని జట్టు లేకర్స్ ఓక్లహోమా సిటీ చేతిలో 133-130తో ఓడింది. 2024 మార్చి 2న అతను 40,000 పాయింట్ల మైలురాయి దాటినప్పుడు కూడా అంతే, డెన్వర్ చేతిలో ఓటమి. ఎన్‌బీఏ ఆటలు ఎక్కువగా మనకు తెల్లవారుజామున పడతాయి కాబట్టి చాలామంది ఆట చూడకుండా ఫోన్‌లో బాక్స్ స్కోర్, అంటే ఆట అంకెల పట్టిక, చూసి ఊరుకుంటారు. అందులో ముందు కంటపడేది ఎవరెన్ని కొట్టారన్నదే. కానీ దాన్ని చివర్లో చదవాలి.

ముందు అడుగున ఉండే జట్టు మొత్తాల వరసకు వెళ్లండి. అక్కడి అంకెలతో పొసెషన్లు, అంటే బంతి ఎన్నిసార్లు చేతికొచ్చిందో లెక్కగట్టండి:

పొసెషన్లు = వేసిన షాట్లు + 0.44 × వేసిన ఫ్రీ త్రోలు − ఆఫెన్సివ్ రీబౌండ్లు + టర్నోవర్లు

ఫ్రీ త్రో అంటే ఫౌల్ జరిగాక అడ్డేవారు లేకుండా వేసే ఒక పాయింటు షాట్. టర్నోవర్ అంటే షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం. 0.44 ఎందుకంటే, ప్రతి రెండు ఫ్రీ త్రోలకూ ఒక పొసెషన్ ఖర్చు కాదు. బాస్కెట్ పడ్డాక అదనంగా వచ్చే ఒక్క ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్‌కి వేసేది, ఇవన్నీ కలిసి సగం కన్నా కాస్త తక్కువకు తెస్తాయి. ఆఫెన్సివ్ రీబౌండ్‌ని, అంటే తమ షాట్ తప్పాక బంతిని మళ్లీ తామే అందుకోవడాన్ని, తీసేయడానికి కారణం, బంతి ఇంకా అదే జట్టు దగ్గర ఉండటం.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జట్టు 88 షాట్లు వేసి 42 కొట్టింది, అందులో 13 త్రీలు, అంటే మూడు పాయింట్ల షాట్లు. ఫ్రీ త్రోలు 22కి 18. ఆఫెన్సివ్ రీబౌండ్లు 10, టర్నోవర్లు 13. మొత్తం 115 పాయింట్లు. పొసెషన్లు 88 + 9.68 − 10 + 13, అంటే దాదాపు 101. వంద పొసెషన్లకు 114 పాయింట్లన్నమాట. ప్రత్యర్థికీ ఇదే లెక్క చేయండి. బంతి ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది కాబట్టి రెండు జట్ల పొసెషన్లూ రెండు మూడు తేడాతో సమానంగా రావాలి. అంతకన్నా తేడా వస్తే మీరు ఏదో గడి తప్పు చూశారు. ఎక్కువమంది చేసే తప్పులు రెండు. త్రీలను విడిగా కలపడం ఒకటి, మొత్తం షాట్లలో అవి అప్పటికే ఉంటాయి. రెండోది, ఆటగాళ్ల టర్నోవర్లను కూడుకుంటూ పోవడం. షాట్ వేయడానికిచ్చే 24 సెకన్ల గడువు (షాట్ క్లాక్) అయిపోతే ఆ తప్పు ఏ ఆటగాడి ఖాతాలోనూ పడదు, జట్టు ఖాతాలోనే పడుతుంది.

ఇప్పుడు ఎందుకు గెలిచారు, ఎందుకు ఓడారు అన్నది. బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు దీనికి చాలు: షూటింగ్, టర్నోవర్లు, ఆఫెన్సివ్ రీబౌండ్లు, ఫ్రీ త్రోలు. వాటికి అతనిచ్చిన బరువు వరసగా 40, 25, 20, 15 శాతం. షూటింగ్‌కి, పడ్డ షాట్లకు పడ్డ త్రీలలో సగం కలిపి, వేసిన షాట్లతో భాగించండి. పై ఉదాహరణలో 48.5ని 88తో భాగిస్తే 55 శాతం. రీబౌండ్లను మాత్రం ఎన్ని అని చూడొద్దు. మన ఆఫెన్సివ్ రీబౌండ్లు 10, అటువాళ్ల డిఫెన్సివ్ రీబౌండ్లు 32 అయితే, తప్పిన 42 బంతుల్లో మనకు దొరికింది 24 శాతం. షాట్లు బాగా పడిన రోజున రీబౌండ్లు తక్కువే ఉంటాయి, అది లోపం కాదు.

ఇక స్టార్ దగ్గరికి. ఫ్రీ త్రోలతో సహా అన్ని షాట్లనూ కలిపి చూసే షూటింగ్ శాతాన్ని ట్రూ షూటింగ్ అంటారు. దానికోసం అతని పాయింట్లను, వేసిన షాట్లకు 0.44 రెట్ల ఫ్రీ త్రోలు కలిపి రెట్టింపు చేసిన అంకెతో భాగించండి. కోబీ బ్రయంట్ 2006 జనవరి 22న టొరంటోపై కొట్టిన 81 పాయింట్లకు 46 షాట్లు, 20 ఫ్రీ త్రోలు పట్టాయి: 74 శాతం. 2016 ఏప్రిల్ 13న, తన చివరి ఆటలో, 60 పాయింట్లకు 50 షాట్లు, 12 ఫ్రీ త్రోలు: 54 శాతం. ఆ సీజన్ లీగ్ సగటూ దాదాపు అంతే. ఈమధ్య సీజన్లలో సగటు 57, 58 దగ్గర ఉంటోంది. అందుకే ఏ ఆటగాడినైనా అతని కాలం సగటుతోనే పోల్చాలి. విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న 100 పాయింట్లకు 63 షాట్లు, 32 ఫ్రీ త్రోలు వాడాడు. లెక్క 65 శాతం. 169-147తో ముగిసిన ఆట అది, అప్పటికింకా త్రీ పాయింట్ గీతే లేదు. ఆ వేగాన్ని నేటి వందేసి పొసెషన్ల ఆట పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

స్టార్ బాగా ఆడినా జట్టు ఓడొచ్చు. 2017 మార్చి 24న డెవిన్ బుకర్ బోస్టన్‌లో 70 కొట్టాడు. 40 షాట్లు, 26 ఫ్రీ త్రోలతో 68 శాతం, అద్భుతమైన ఆట. ఫీనిక్స్ మాత్రం 130-120తో ఓడింది. ఇలాంటప్పుడు అటువాళ్ల వరస చూడండి, జవాబు డిఫెన్స్‌లో దొరుకుతుంది.

కోచ్ పని బాక్స్ స్కోర్‌లో నేరుగా కనబడదు, ఆనవాళ్లు మాత్రం ఉంటాయి. ముందు నిమిషాల గడి. 2013-14లో కోచ్ గ్రెగ్ పోపోవిచ్ జట్టు శాన్ ఆంటోనియోలో ఒక్క ఆటగాడూ సగటున 30 నిమిషాలు ఆడలేదు. జట్టులో అత్యధిక సగటు టోనీ పార్కర్‌ది, 16.7 పాయింట్లు. ఆ జట్టు 62 ఆటలు గెలిచి, ఫైనల్లో మయామీని 4-1తో ఓడించింది. 82 ఆటల సీజన్‌లో కాళ్లలో సత్తువ మిగల్చడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత ప్రత్యర్థి త్రీలు. ఎన్ని పడ్డాయన్నదానిలో ఒక రాత్రికి అదృష్టం పాలు చాలా ఎక్కువ. ఎన్ని వేయనిచ్చారు, ముఖ్యంగా మూలల నుంచి ఎన్ని అన్నదే కోచ్ పథకం. మూలలో గీత 22 అడుగులే, మిగతా చోట 23 అడుగుల 9 అంగుళాలు. ప్లస్ మైనస్ గడిని, అంటే ఒక ఆటగాడు కోర్టులో ఉండగా రెండు జట్ల పాయింట్ల మధ్య వచ్చిన తేడాని, ఒక్క ఆటతో నమ్మొద్దు. అతనితో పాటు కోర్టులో ఎవరున్నారో దానికి తెలియదు.

ఆట చూసే వీలుంటే క్వార్టర్ చివర గమనించండి. 35 సెకన్లు మిగిలి బంతి చేతికొస్తే, మంచి జట్టు 30 సెకన్ల దగ్గర షాట్ వేస్తుంది. అటువాళ్లు 24 సెకన్లూ వాడుకున్నా బంతి మళ్లీ వీళ్లకే వస్తుంది. దీనికోసం ఏదో ఒక చెత్త షాట్ వేస్తే మాత్రం లాభం లేదు.

మైలురాయి ఎప్పుడొస్తుందో కూడా లెక్కగట్టొచ్చు. మిగిలిన పాయింట్లను సగటుతో భాగించి, మానే ఆటలు కలపాలి. లేబ్రాన్ 2022-23 సీజన్ మొదలుపెట్టేనాటికి రికార్డు దాటడానికి 1,326 కావాలి. అంతకు ముందు సీజన్ సగటు 30.3తో 44 ఆటలు. ఒక్కటీ మానకపోతే జనవరి మధ్యకే అయిపోవాలి, గాయాలతో కొన్ని ఆటలు మానడంతో ఫిబ్రవరికి జరిగింది. ప్లేఆఫ్ (సీజన్ ముగిశాక టైటిల్ కోసం ఆడే ఆటలు) పాయింట్లు ఈ లెక్కలో కలపకండి, అవి వేరే ఖాతా. ఒకప్పటి పోటీ లీగు ఏబీఏ పాయింట్లూ కలవవు. జూలియస్ ఎర్వింగ్‌కి రెండు లీగుల్లో కలిపి 30,026 ఉన్నా, ఎన్‌బీఏ జాబితాలో కనబడేది 18,364 మాత్రమే.