సెలవుకు వచ్చిన మూడు వారాల్లో ఇంటి ఫొటోలు ఎలా తీసుకోవాలి?

హైదరాబాద్ నల్లకుంటలో మా పాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేసిన సంగతి నాకు ఫోన్లో తెలిసింది. కూలగొట్టడానికి ఇంకా పది రోజులుంది. ఆ రాత్రి డల్లాస్‌లో కూర్చుని హార్డ్ డిస్క్ మొత్తం వెతికాను. పన్నెండేళ్ళలో ఆరుసార్లు వచ్చి వెళ్ళాను మరి. చార్మినార్ ముందు దిగినవి దొరికాయి. గోల్కొండ మెట్ల మీద ఆయాసపడుతూ దిగినవి, పెళ్ళి స్టేజీల మీద వరసగా నిలబడ్డవి లెక్కలేనన్ని దొరికాయి. వంటింటిది ఒక్కటీ లేదు. మా అక్క కొడుకు కేకు కోస్తున్న ఫొటోలో మాత్రం, వాడి చెవి వెనకాల మసకమసకగా ఉప్పు జాడీ పెట్టే గూడు కనిపించింది. అంతే మిగిలింది.

చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, వచ్చేసారి కూడా ఉంటుంది. ముందు ఇంట్లోవి తీసుకోండి. అమ్మావాళ్ళు ఇప్పుడు అదే జాగాలో లేచిన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నారు. అప్పటినుంచి వచ్చిన ప్రతిసారీ నేను చేస్తున్న పద్ధతి ఇది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, జేబులో ఉన్న ఫోన్ చాలు.

బయల్దేరే ముందు

ఫోన్ గడియారం శంషాబాద్‌లో దిగగానే దానంతట అదే మారిపోతుంది. కెమెరాది చాలాసార్లు మారదు. డల్లాస్‌కీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర గంటలు తేడా. నేనొకసారి మార్చడం మర్చిపోయాను. తర్వాత ఫోన్ ఫొటోలూ కెమెరా ఫొటోలూ ఒకచోట కలిపితే, సంక్రాంతి నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పొద్దుటి ముగ్గులు పడ్డాయి. విమానంలో కూర్చుని ఊరికే కిటికీలోంచి చూసే బదులు ఆ పని చేయండి.

అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. మన ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదుగానీ, అమెరికా సెట్టింగుతో వీడియో తీస్తే గోడమీద నల్ల గీతలు పాకుతున్నట్టు వస్తాయి. కెమెరా మెనూలో 60 హెర్ట్జ్ లేదా ఎన్‌టీఎస్‌సీ (NTSC) అని ఉన్నదాన్ని 50 హెర్ట్జ్ లేదా పాల్‌ (PAL)కి మార్చండి. షట్టర్ స్పీడు మీరే పెట్టుకునే అలవాటుంటే ఇంట్లో 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ వాడండి.

విడి బ్యాటరీలూ పవర్‌బ్యాంకూ చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెక్‌ఇన్ సూట్‌కేసులో పనికిరావు. డ్రోన్ సంగతి మర్చిపోండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్లను మన దేశంలోకి తేవడం నిషేధం. ఆవకాయ సీసా కోసం కస్టమ్స్ వాళ్ళతో వాదించవచ్చు, దీనికోసం కుదరదు.

మొదటి నాలుగు రోజులు ఆగండి

మీరు వస్తున్నారని తెలిసిన ఇల్లు మామూలు ఇల్లు కాదు. సోఫా కవర్లు మారతాయి. మంచం మీద మడతల గీతలు ఇంకా పోని కొత్త దుప్పటి ఉంటుంది. డైనింగ్ టేబుల్ మీది మందుల డబ్బా, కరెంటు బిల్లులు, నాన్న భూతద్దం అన్నీ బీరువాలోకి వెళ్ళిపోతాయి. స్టీలు గ్లాసులు మాయమై గాజు గ్లాసులు బయటికొస్తాయి. ఆ రోజుల్లో తీసిన ఫొటోల్లో ఉండేది చుట్టాల కోసం సర్దిన ఇల్లు, అందులో చుట్టం మీరే.

బంధువులతో కలిసి నిలబడే ఫొటోలు ఎలాగూ తప్పవు. అవి చకచకా కానిచ్చేయండి. నాలుగో రోజుకో అయిదో రోజుకో మందుల డబ్బా మళ్ళీ టేబుల్ మీదికి వస్తుంది. అప్పుడు మొదలుపెట్టండి.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఇల్లు ముస్తాబయ్యేది పగలే. తెల్లవారుజామున నాలుగున్నరకు ఎవరూ ముస్తాబై ఉండరు, జెట్‌లాగ్ పుణ్యమా అని ఆ వేళకు మీరు ఎలాగూ మేలుకునే ఉంటారు. సీలింగ్ ఫ్యాను చూస్తూ పడుకోకుండా లేచి హాల్లో కూర్చోండి.

అలా కూర్చున్న ఒక రోజే నేను సంచి చూశాను. లిఫ్ట్ ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. అయినా అమ్మ బాల్కనీలోంచి నైలాన్ తాడుకు కట్టిన గుడ్డసంచి కిందికి వదులుతుంది. పాలబ్బాయి రెండు ప్యాకెట్లు అందులో వేసి తాడు ఒకసారి లాగుతాడు. అది గంట కొట్టినట్టన్నమాట. అమ్మ రెండు చేతులతో తాడు చుట్టుకుంటూ పైకి లాగుతుంది. తాడుకు రెండు ముడులున్నాయి. ఒకటి రెండో అంతస్తు సన్‌షేడ్‌కు తగిలి తెగినచోట వేసింది. ఇంకోటి ఎందుకని అడిగితే, ‘ఆడిదాకా వస్తే బియ్యం నానబెట్టాల్నని యాదికొస్తది’ అంది. మూడేళ్ళుగా వీడియో కాల్లో రోజూ మాట్లాడుతున్నాను. ఈ తాడు సంగతి నాకు తెలియదు.

ఇలాంటివి తీసేటప్పుడు ఒకే ఫొటోతో సరిపెట్టకండి. తాడు పట్టుకున్న చేతులు దగ్గరగా ఒకటి, బాల్కనీ మొత్తం వచ్చేలా గుమ్మంలోంచి ఒకటి, మధ్యలో వేలాడుతున్న సంచి పైనుంచి ఒకటి. ఫ్లాష్ వద్దు. క్లిక్‌మనే శబ్దం ఆపేయండి. ఫోన్లో నైట్ మోడ్ గోడలకూ గిన్నెలకూ బాగుంటుందిగానీ, కదిలే మనిషిని పొగలా చేస్తుంది. దాన్ని తీసేసి, భుజం గోడకు ఆనించి, వరసగా అయిదారు కొట్టండి. ఒకటైనా నిలకడగా వస్తుంది.

వంటింటి వెలుతురు

వాస్తు మీద మీకు నమ్మకమున్నా లేకపోయినా, ఫొటోలకు మాత్రం అది మేలు చేసింది. మన ఇళ్ళలో వంటిల్లు ఆగ్నేయంలో ఉంటుంది, వండేవాళ్ళు తూర్పుకు తిరిగి నిలబడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు కూడా ఆగ్నేయం వైపు జరిగే ఉదయిస్తాడు. హైదరాబాద్‌లో అప్పుడు పొద్దు పొడిచేది ఆరూ నలభై ప్రాంతంలో. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కిటికీ వెలుతురు వండేవాళ్ళ మొహం మీదికి వస్తుంది. ఆ గంటన్నర ట్యూబ్‌లైటు ఆర్పేయండి. ‘చీకట్ల ఏం కనబడ్తది’ అంటారు, నచ్చజెప్పండి. ట్యూబ్‌లైటు తెలుపూ కిటికీ వెలుతురూ కలిస్తే మొహం ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క నీలంగా వస్తుంది.

మీరు కిటికీకి పక్కగా నిలబడండి. కిటికీని వాళ్ళ వెనక ఉంచి తీస్తే మనిషి నల్లబడిపోతుంది. ఫోన్ తెర మీద మొహం దగ్గర వేలు కాసేపు నొక్కి ఉంచితే వెలుతురు అక్కడికి లాక్ అవుతుంది. తర్వాత పోపులో ఆవిరి లేచినా మొహం మారదు.

వర్షాకాలంలో, బోనాల రోజుల్లో వచ్చేవాళ్ళకు ఈ ఎండ దొరకదు. అప్పుడు మబ్బు వెలుతురే మెత్తగా ఉంటుంది, గుమ్మం దగ్గర పీట వేసి కూర్చోబెడితే చాలు.

ఏం తీయాలో పెద్ద జాబితా ఇవ్వను, ఎవరి ఇల్లు వాళ్ళది. కానీ చేతిరాత ఎక్కడ కనిపించినా వదలకండి. మా ఇంట్లో వెంకట్రామా క్యాలెండర్ మీద అమ్మ పాలు రాని రోజుకు సున్నా చుడుతుంది, సిలిండర్ పెట్టిన రోజు ‘గ్యా’ అని రాస్తుంది. నేను వచ్చే తేదీకి ఏమీ రాయలేదు, దానికింద రెండు గీతలు కొట్టింది. ప్రతి నెల పేజీనీ విడివిడిగా తీసుకున్నాను. డబ్బాల మీద అంటించిన పేర్లు, రేషన్ సంచి మీద రాసిన ఫోన్ నంబర్లు కూడా ఇలాంటివే. నంబర్లున్నవి ఎవరికీ పంపకండి, మీ దగ్గరే ఉంచుకోండి.

అడిగి తీయండి

పనికొచ్చే ఆమె మా ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంది. ఆమెను గిన్నెలు తోముతుండగా తీస్తే ఒప్పుకోలేదు. ‘పండగ నాడు తియ్యి సార్’ అంది. పండగ నాడు తీశాను, ఒక కాపీ ఇచ్చాను. అంతకు ముందుదాన్ని ఆమె ముందే తుడిచేశాను.

మన ఆడవాళ్ళలో ‘నన్ను తియ్యకురా’ అనేవాళ్ళు ఎక్కువ. ఇది ఇప్పటి మాట కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, ఫొటోలు తీసే పని ఒక మహిళకే అప్పగించాడు. పరదా వెనకాల ఉండేవాళ్ళు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోరని ఆయనకు తెలుసు. నేనూ అదే చేస్తాను. పెద్దమ్మ, మేనత్తలు, వదినలు చేరి అరిసెలు చేసేటప్పుడు నేను ఆ గదిలోకి వెళ్ళను, ఫోన్ మా అక్కకిస్తాను. ఆ ఫొటోల్లో పెద్దమ్మ పళ్ళు కనబడేలా నవ్వుతుంది. నేను తీసినవాటిలో ఎప్పుడూ నోరు మూసుకునే ఉంటుంది.

ఇంకో ఫోన్ పిల్లల చేతికివ్వండి. ఏడేళ్ళ మా అమ్మాయి తీసినవాటిలో సగం నేలా చెప్పులే. కానీ అమ్మ ఉషా కుట్టుమిషన్‌ను కిందినుంచి, కాలితో తొక్కే పలక మీద అరిగిపోయిన రెండు పాదాల గుర్తులు కనబడేలా తీసింది. నా ఎత్తుకు అది కనిపించదు. పైగా నేను ఉన్న ఫొటోలు కూడా అదే తీసింది. లేకపోతే ఇన్ని ప్రయాణాల్లో నేను ఇంటికి వచ్చినట్టే సాక్ష్యం ఉండేది కాదు.

పాత ఆల్బమ్‌లు: ఒక మధ్యాహ్నం పూర్తిగా కేటాయించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పడుతుంది. బీరువా పైన, నాఫ్తలిన్ ఉండల వాసనతో ఉంటాయి కదా, అవి.

స్కానర్ దొరికితే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలు వచ్చేలా పెట్టండి. 4 బై 6 అంగుళాల ఫొటో 2400 బై 3600 పిక్సెళ్ళకు వస్తుంది, మళ్ళీ పెద్దది చేయించుకోవచ్చు. లేకపోతే ఫోన్ చాలు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన నేలమీద పెట్టి, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. మెరుపు కొడితే కిటికీకి ఎదురుగా ఒక నల్ల చీర అడ్డం పట్టమనండి.

80లు, 90ల నాటి ఆల్బమ్‌లలో జిగురు గీతల మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ కప్పేవారు. ఆ జిగురు ఇప్పుడు గట్టిపడి ఉంటుంది. గోటితో లాగితే ఫొటో చీలుతుంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే దారం వెనకనుంచి రంపంలా మెల్లగా ఆడిస్తే చాలావరకు వస్తుంది. రాకపోతే పేజీతో సహా తీసుకోండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయినవి అసలు విడదీయకండి, అద్దంతోనే తీయండి. మా తాతయ్య ఫొటోను ఒక స్టూడియోకిస్తే విడదీసి ఇచ్చారు. ఆయన ఎడమ కన్ను అద్దం మీదే ఉండిపోయింది.

ఫొటోలు తిప్పుతున్నంతసేపూ పక్కన ఇంకో ఫోన్లో వాయిస్ రికార్డింగ్ పెట్టి ఉంచండి. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో పిల్లల రైలు ముందు నిలబడ్డ ఫొటో ఒకటి వచ్చింది. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్‌కు మా ఇంట్లో ప్రతి ఏడూ వెళ్ళేవారు. అందులో ఉన్నది చిన్నత్త అని నేను ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

‘చిన్నత్త గాదురా, పక్కింటి సరోజ. చిన్నత్త ఆ రోజు అలిగి రాలే.’

‘ఎందుకు అలిగింది?’

నలభై నిమిషాలు. మొత్తం రికార్డయింది.

పేర్లు తేలాక ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. బాల్‌పెన్ను ముందు వైపు గీతగా తేలుతుంది.

దాచుకోవడం

గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఎంతైనా ఉచితం అనడం మానేసింది. మెయిల్‌తో కలిపి 15 జీబీయే ఇస్తుంది. కాబట్టి ఊరెళ్ళేలోపే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి. ఒకటి అమ్మావాళ్ళ బీరువాలో, ఇంకోటి మీతో. రెండు ఖండాల్లో రెండు కాపీలు, పైన క్లౌడ్‌లో మూడోది. ప్రవాసులకు ఈ ఒక్క విషయంలో దూరం కలిసొస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో పంపేటప్పుడు మామూలుగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది. దాచుకోవాల్సినవి డాక్యుమెంట్‌గా పంపండి.

ఆఖరిగా, వెళ్ళేముందు ఒక ముప్ఫయ్యో నలభయ్యో ప్రింట్లు వేయించి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. ఫోన్ ఫొటో కొలత 4:3, స్టూడియోలో వేసే 4 బై 6 కాగితం కొలత 3:2. ఏమీ చెప్పకుండా ఇస్తే పైనా కిందా కోసేస్తారు, నిలువు ఫొటో అయితే పక్కలు పోతాయి. మొదటిసారి నాకు నాన్న నుదురు లేకుండా వచ్చింది. ‘ఏమీ కట్ చేయకండి, అంచులు తెల్లగా వచ్చినా పర్లేదు’ అని కౌంటర్ దగ్గరే చెప్పండి.

కిందటిసారి కట్ట ఇచ్చినప్పుడు అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ చూసింది. పాలసంచి ఫొటో దగ్గర ఆగి, దీనికోసమా పొద్దున్నే లేచింది అన్నట్టు నావైపు చూసింది. తర్వాత దాన్ని పక్కకు తీసిపెట్టింది.

‘ఇండ్ల పాత నైటీల ఉన్న. వచ్చేసారి చెప్పి తియ్యి, చీర కట్టుకుంట.’