నీళ్లతో బరువు లేపించడం ఎలా? పాత చెప్పు, ఎనిమిది స్పూన్లు చాలు

స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్ అంటే నీటి చక్రం ఉండాల్సిందే. నీళ్లు పోస్తారు, గిర్రున తిరుగుతుంది, చప్పట్లు కొడతారు, అయిపోయింది. అది ఎంత పని చేసిందని అడిగితే మాత్రం ఎవరూ నోరు మెదపరు. అందుకే ఈసారి దానితో ఒక బరువు లేపించి లెక్క తీద్దాం.

కావాల్సినవి: అరిగిన హవాయి చెప్పు, ప్లాస్టిక్ స్పూన్లు ఎనిమిది, పెన్సిల్ లావున అడుగు పొడవుండే గుండ్రటి వెదురు పుల్ల, ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా, దారం, 50 గ్రాముల బోల్టు. బోల్టు బరువు కిరాణా కొట్టు కాటా మీద చూసుకోండి.

1. చెప్పు మడమ దగ్గర మందంగా ఉన్నచోట 6 సెంటీమీటర్ల వెడల్పు బిళ్ల కోయండి (కత్తి పని పెద్దవాళ్లదే). మధ్యలో రంధ్రం పుల్ల కన్నా కాస్త సన్నగా ఉండాలి, అప్పుడే పుల్ల బిగుసుకుని చక్రంతో పాటు తిరుగుతుంది. నేను మొదట థర్మోకోల్‌తో చేశాను, రెండు సీసాల నీళ్లకే జిగురు ఊడి చక్రం ఒకవైపు, పుల్ల ఒకవైపు.

2. బిళ్ల అంచు చుట్టూ సమాన దూరంలో ఎనిమిది గాట్లు పెట్టి, కాడలు పొట్టిగా కత్తిరించిన స్పూన్లు గుచ్చండి. గుంటలన్నీ ఒకే వైపు చూడాలి.

3. డబ్బా పైభాగం కోసేసి, అంచు దగ్గర ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసి పుల్ల దూర్చండి. రంధ్రాల్లో పుల్ల వదులుగా తిరగాలి, ఒక చుక్క కొబ్బరినూనె వేస్తే మంచిది. బయటికొచ్చిన పుల్లకి దారం కట్టి, చివర బోల్టు వేలాడదీసి, డబ్బాని బల్ల అంచున పెట్టండి.

4. మూతకి రంధ్రం చేసిన సీసాలో సరిగ్గా లీటరు నీళ్లు నింపి, చక్రం కింది అంచు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో బోర్లించి, ధార స్పూన్ల గుంటల్లో పడేలా పట్టుకోండి. గాలి పోవడానికి సీసా అడుగున కూడా చిన్న రంధ్రం పెట్టాలి. నీళ్లయిపోయేసరికి బోల్టు ఎంత పైకెక్కిందో స్కేలుతో కొలవండి.

ఇక లెక్క. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో వేసి 9.8తో గుణిస్తే శక్తి జౌళ్లలో వస్తుంది. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి 1 × 9.8 × 0.3, అంటే 2.94 జౌళ్లు ఇచ్చాం. బోల్టు 60 సెంటీమీటర్లు లేచిందనుకుంటే 0.294 జౌళ్లు, అంటే పదో వంతు. మిగతాది చిందిన నీళ్లలో, రాపిడిలో పోయింది. నాలుగు స్పూన్లు తీసేసి మళ్లీ కొలవమనండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే పందేలు వేసుకుంటారు.

శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భ విద్యుత్ కేంద్రంలో జరిగేదీ ఇదే, కాకపోతే ఒక్కోటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు. వాటిని తిరగేసి నడిపితే నీళ్లను వెనక్కి ఎక్కిస్తాయి కూడా.

ఇంటిపని కావాలంటే ఇది ఇవ్వండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నీళ్లు 10 మీటర్లు కిందికి పడితే 98,000 జౌళ్లు, ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే యూనిట్‌కి దాదాపు 37 ట్యాంకులు. మరి అదే ట్యాంకు నింపడానికి ఒక హెచ్‌పీ మోటారు అరగంట నడిస్తే మూడో వంతు యూనిట్‌కి పైనే ఎందుకు ఖర్చవుతోంది? ఒక్క క్లూ చాలు: ఎత్తు కొలవాల్సింది నేల నుంచి కాదు, బోరులో నీళ్లున్న చోటు నుంచి.