అమావాస్యకు ఒక చీటీ

"నువ్వు అన్నమాట మీద నిలబడేది అమావాస్యకో పున్నానికో" అని మా ఆయన చాలాసార్లు ఎగతాళి చేశారు. చివరికి ఆ మాటనే పట్టుకున్నాను. ప్రతి అమావాస్యకూ రాబోయే నెలకు ఒక సంకల్పం చీటీ మీద రాస్తాను, పున్నమికి ఒకసారి తీసి చూస్తాను. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లెలో మా ఇల్లు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఇందులో మహిమలేమీ ఉండవు. ఒక కాగితం, ఒక పెన్సిలు, కాస్త లెక్క.

దీనికి మొదలు తుపాను. 2018లో మహాలయ అమావాస్య వెళ్లిన రెండు రోజులకు, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. మా పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లలో ఒక్కటే మిగిలింది. కరెంటు రోజుల తరబడి రాలేదు. నాలుగో రోజున ఫ్రిజ్ తలుపు తెరిస్తే వచ్చిన వాసన నాకింకా గుర్తే. ఆశ్వయుజంలో తినడానికి దాచిన మామిడి గుజ్జు, ఎప్పుడు కొన్నానో తెలియని బఠాణీలు, మూత తీయని రెండు సీసాలు. అటక మీద మాత్రం మా అత్తగారు దాచిన చోళ్లు (రాగులు), ఉలవలు, చింతపండు, మామిడి ఒరుగులు ఉన్నవి ఉన్నట్టున్నాయి. ఆ రోజులు గడిచింది వాటితోనే. మామిడి గుజ్జును గోతిలో పోస్తూ అనుకున్నాను, ఏ కాలంలో ఉన్నానో నాకే తెలియకుండా సంసారం చేస్తున్నానని.

అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టకూడదు కదా అంటారు. నిజమే, మొదలుపెట్టవద్దు. అమావాస్యకు రాసి ఉంచండి, నెలవంక కనిపించాక మొదలుపెట్టండి. మన పంచాంగంలో అమావాస్యతో నెల ముగుస్తుంది, మర్నాటి పాడ్యమితో కొత్త నెల. నెలాఖరున కిరాణా కొట్టులో ఖాతా చూసుకున్నట్టు చూసుకోవడానికి అంతకంటే తగిన రోజు లేదు. గోడ క్యాలెండరులో నల్లటి గుండ్రం గుర్తు చూసుకుంటే చాలు. తిథి ఒక్కోసారి మధ్యాహ్నం వస్తుంది, ఒక్కోసారి పొద్దున్నే పోతుంది. ఆ పట్టింపు వద్దు. గుర్తున్న రోజు సాయంత్రం కూర్చోండి. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అలాంటివి పన్నెండైతే 354 రోజులు, సూర్యుడి ఏడాదికి దాదాపు పదకొండు తక్కువ. ఆ తేడా సర్దడానికే అధికమాసం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, నాకు ఒక చీటీ ఎక్కువ దొరికింది.

చీటీ రాసే ముందు ఇల్లు తిరగాలి. వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూడండి. ఏది అడుగంటింది, దేనికి పురుగు పట్టింది, ఏది రెండుసార్లు కొన్నారు? తర్వాత పెరట్లోకి వెళ్లండి. పెరడు లేకపోతే సంతకు వెళ్లండి. రెండే ప్రశ్నలు: ఏది వస్తోంది, ఏది పోతోంది? మునగ పూత మీద ఉందా, కాయ ముదిరిందా? తేగలు వచ్చాయా? సంతలో ఏది కుప్పలుగా పోసి ఉంది, ఏది నాలుగు కాయలే పెట్టుకుని పిరమైంది? కుప్పలుగా ఉన్నదే ఈ కాలానిది. దీనికి అరగంట పడుతుంది. ఈ అరగంట ఎగ్గొట్టి నేరుగా చీటీకి కూర్చున్న నెలల్లో నేను రాసినవన్నీ కోతలే.

ఇక చీటీ. దీని రహస్యం మన పూజల్లోనే ఉంది, మనం వినీ వినక వదిలేశాం. పురోహితుడు సంకల్పం చెప్పించేటప్పుడు వెంటనే కోరిక దగ్గరికి వెళ్లడు. ముందు భరతఖండం అంటాడు, మేరువుకు దక్షిణం అంటాడు, శ్రీశైలానికి ఈశాన్యం అంటాడు. మేము నిజంగానే శ్రీశైలానికి ఈశాన్యంలో ఉన్నాం, పటం మీద స్కేలు పెట్టి చూశాను. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన గోత్రం, పేరు. అప్పుడు గానీ చేయబోయే పని రాదు. ఎక్కడున్నావో, ఎప్పుడున్నావో, ఎవరివో చెప్పుకున్నాకే ఏం కావాలో చెప్పమంటున్నారు. చిరునామా లేని ఉత్తరం చేరదు, చిరునామా లేని సంకల్పమూ అంతే. కాబట్టి మీ చిరునామా మీ మాటల్లో రాసుకోండి. సంస్కృతం అక్కర్లేదు.

ఒక వైశాఖం చీటీ ఇలా ఉంది:

"సోంపేట దగ్గర, మహేంద్రగిరికి తూర్పున, సముద్రానికి ఇవతల. ఎండలు ముదిరాయి. ముంజలు వచ్చాయి. జీడిపళ్లు చివరికొచ్చాయి. చింతచిగురు ముదిరిపోయింది. సముద్రం మీద వేట ఆపేశారు. ఇంట్లో ఇద్దరం. కుడి మోకాలు నొప్పి. ఈ నెల: పదకొండు దాటాక పొయ్యి వెలిగించను. పొద్దున్న చోడి అంబలి."

పుస్తకం ప్రకారం వైశాఖం వసంత ఋతువే. మా వీధిలో అది మండుటెండాకాలం. నేను కనిపించిందే రాస్తాను. వేట సంగతి ఎందుకంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలు బారువ తీరం నుంచి చేపల బుట్ట మా వీధికి రావడం తగ్గిపోతుంది, కాబట్టి చేపలు తగ్గించడానికి విడిగా ప్రతిజ్ఞ చేయనక్కర్లేదు. చిరునామా సరిగ్గా రాస్తే సగం నిర్ణయం దానంతటదే తేలిపోతుంది. మోకాలి నొప్పి రాయడం వల్లే బావి నుంచి నీళ్లు తోడి మొక్కలకు పోస్తానన్న వాక్యం ఆ నెల కొట్టేశాను.

అంబలి గురించి అడిగేవాళ్లుంటారు, చెప్పేస్తాను. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి మూత పెట్టి ఉంచితే పొద్దుటికి పైన చిన్న నురగ కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. గుప్పెడు నూకలు ఉడుకుతుండగా అది పోసి, అడుగంటకుండా కలిపి, గరిట మీద జారేలా అయ్యాక దించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు. పక్కన పచ్చి ఉల్లిపాయ.

చివరి వాక్యం ఒకటే ఉండాలి. రెండైతే రెండోది మొదటిదాన్ని తినేస్తుంది. అది చేతితో చేసే పనై ఉండాలి, చేశానో లేదో ఎవరైనా అడిగితే అవును, కాదు అని చెప్పగలగాలి. "ప్రశాంతంగా ఉంటాను" అని రాస్తే మార్కులు ఎలా వేస్తాం? ఒకసారి మార్గశిర అమావాస్యకు, తీపి ముట్టను అని రాశాను. అవతల సంక్రాంతి. ఇంటి నిండా అరిసెలు, పొంగడాలు, కొత్త బెల్లం వాసన. భోగి నాటికే చీటీ మడిచి డబ్బాలో వేశాను. నోటి మీద అదుపు లేక ఓడిపోయానని బాధపడ్డాను కానీ, తప్పు అక్కడ లేదు. పుష్యంలో ఏది వస్తోంది అని చూడకుండా రాశాను, అంతే. మరుసటి ఏడు అదే అమావాస్యకు "అరిసెలు ఇంట్లోనే వండుతాను, కొట్టు మిఠాయి కొనను" అని రాశాను. సులువుగా నిలబడింది.

అమావాస్య మర్నాడు ఏమీ చేయవద్దు. విదియ నాడు పొద్దు గూకగానే పడమటికి చూడండి. మాకు తూర్పున సముద్రం కాబట్టి నెలవంక అటు కాదు, మహేంద్రగిరి మీద కనిపిస్తుంది. ఎక్కువసేపు ఉండదు, త్వరగా కొండ వెనక్కి దిగిపోతుంది. అది కనిపించినప్పుడు చీటీ ఒకసారి పైకి చదువుతాను. తిత్లీ తర్వాత కరెంటు లేని ఆ రాత్రుల్లో, మబ్బు విడిచాక, ఊళ్లో ఒక్క దీపం లేకుండా చంద్రుణ్ణి చూశాను. అంతకుముందు యాభై ఏళ్లు అక్కడే ఉన్నాడు, నేనే తల ఎత్తలేదు.

పున్నమికి అయిదు నిమిషాలు చాలు. పని జరుగుతోందా? లేదంటే వాక్యం కొట్టేసి చిన్నది రాయండి, సిగ్గుపడకండి. దీపావళి అమావాస్య నాడు తీరిక ఉండదు, మధ్యాహ్నమే ముగించండి. పాత చీటీలు నేను పాత బియ్యం డబ్బాలో వేస్తాను. ఏడాది తర్వాత అదే మాసం చీటీ తీసి పక్కన పెట్టుకుంటే చిరునామా సగం రాసే ఉంటుంది.

అసలు రాయడమే మరిచిపోతే? విదియ నాడు కనపడని చంద్రుడు తదియ నాడు తానే కనపడతాడని సామెత. తదియకు రాయండి.

మా అమ్మాయి హైదరాబాదులో పదకొండో అంతస్తులో ఉంటుంది. "అమ్మా, ఇక్కడ ఏది వస్తోందో ఏది పోతోందో ఎలా తెలుస్తుంది?" అని ఫోను చేసింది. రైతుబజారుకు వెళ్లి కుప్పలు చూడమన్నాను. ఆ రాత్రి తన చీటీ ఫోటో తీసి పంపింది. "పదకొండో అంతస్తు, తూర్పు బాల్కనీ. చిక్కుడుకాయలు కుప్పలు. టమాటా చవక. ఇంట్లో ముగ్గురం. ఈ నెల: ఆదివారం కూర బయట నుంచి తెప్పించను." కింద చిన్న అక్షరాలతో ఇంకొకటి రాసింది: "తూర్పు బాల్కనీ నుంచి నెలవంక కనపడదు. మేడ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది, విదియకు ముందే అడగాలి."