లాటిన్ మాటలు విప్పుకుందాం - 4వ పాఠం: కార్పస్

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. తాళాలు ఇచ్చే ముందు బిల్డర్ కార్పస్ ఫండ్ అని చదరపు అడుక్కి ఇంత అని కట్టించుకుంటాడు కదా, అదే. మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒకాయన లిఫ్ట్ రిపేరుకి అందులోంచి తీద్దామంటే సెక్రటరీ గారు ఒప్పుకోలేదు, "అది అసలండీ, వడ్డీ మాత్రమే ముట్టుకోవాలి" అన్నారు. ట్రస్టుల చట్టంలోనూ కార్పస్ అంటే ఈ అసలే. ఆ మాట గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

లాటిన్‌లో కార్పస్ అంటే ఒళ్ళు. అనాటమీలో ఒక అవయవంలోని ప్రధాన భాగాన్ని అలా పిలుస్తారు. గర్భాశయానికి కింద మెడ సర్విక్స్ అయితే, పైనున్న అసలు భాగం కార్పస్. అయితే ఒక్కోసారి 'ముద్ద' అనే అర్థమే సరిపోతుంది. మా వదిన స్కాన్ రిపోర్టులో 'కార్పస్ లూటియం' అని చూసి, గడ్డేమోనని టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే నాకు ఫొటో పంపింది. లూటియం అంటే పచ్చనిది. అండం విడుదలయ్యాక అండాశయంలో ఆ చోటే ఏర్పడే పసుపుపచ్చ ముద్ద అది, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది, గర్భం రాకపోతే రెండు వారాల్లో దానంతటదే కుంచించుకుపోతుంది. రెండు మాటల అర్థం తెలిసుంటే ఆ రాత్రి హాయిగా పడుకునేది, నేనీ పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

ఇక చట్టం. మూసీ ఒడ్డున మన హైకోర్టులో పడే హేబియస్ కార్పస్ పిటిషన్ల గురించి పేపర్లో చదివే ఉంటారు. మనిషిని ఎవరైనా అక్రమంగా పట్టి ఉంచారంటే, రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద కోర్టు వాళ్ళతో అనే మాట ఇది: కాగితాలు, సంజాయిషీలు తర్వాత, ముందు అసలు మనిషిని నా ఎదుటికి తీసుకురా. ఇంతకన్నా గొప్ప ఆజ్ఞ చట్టంలో ఇంకోటి లేదని నా నమ్మకం. ఎమర్జెన్సీలో, 1976లో, సుప్రీంకోర్టు ఈ తలుపే మూసేసింది. ఐదుగురు జడ్జీల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు తప్పని అదే కోర్టు చెప్పడానికి 2017 దాకా పట్టింది.

కార్పస్ డెలిక్టి దగ్గర మాత్రం జాగ్రత్త. చాలామంది శవం అనుకుంటారు, కాదు. డెలిక్టి అంటే నేరానికి సంబంధించినది, కాబట్టి నేరం అసలు జరిగిందా అన్నదానికి రుజువు. దొంగతనం కేసుకీ ఇది ఉంటుంది. శవం దొరక్కపోయినా వేరే సాక్ష్యం గట్టిగా ఉంటే హత్య కేసులో శిక్ష పడుతుంది.

వచ్చే పాఠానికి మూడు మాటలు ఇస్తున్నాను: కార్పొరేటర్, కార్పొరల్ పనిష్‌మెంట్, కార్పసుల్. ఒక్కోదాంట్లో 'ఒళ్ళు' ఎవరిదో, ఎక్కడుందో పట్టుకోండి. మూడోదానికి మీ బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ తీసి, ఆర్‌బీసీలో 'సి' దగ్గర కాసేపు ఆగండి.