సేవ్ చేసిన మోడల్‌ను లోడ్ చేస్తే యాక్యురసీ మారిపోతోందా?

మెషీన్ లెర్నింగ్ మోడల్ ట్రైనింగ్ ముగిసినప్పుడు టెస్ట్ యాక్యురసీ (టెస్ట్ డేటాలో సరైన జవాబుల వంతు) 92 శాతం. ఫైల్‌ను సేవ్ చేసి కొత్త ప్రోగ్రామ్‌లో లోడ్ చేస్తే 11. టెన్షన్‌లో మళ్లీ ట్రైనింగ్ మొదలుపెట్టడం దండగ. తప్పు మోడల్‌లో ఉందా, దానికి వెళ్లే డేటాలో ఉందా అన్నది ముందు తేల్చుకోండి.

అందుకు ఒక చిన్న పరీక్ష చాలు. సేవ్ చేసే ముందు మోడల్‌ను ఎవాల్ మోడ్‌లో (ట్రైనింగ్‌కు కాక పరీక్షకు వాడే స్థితి) పెట్టి, ఒక బ్యాచ్ ఇన్‌పుట్‌నూ దానికి వచ్చిన అవుట్‌పుట్‌నూ వెయిట్స్ (మోడల్ నేర్చుకున్న అంకెలు) పక్కనే ఫైల్‌లో దాచండి. లోడ్ చేశాక అదే ఇన్‌పుట్ ఇచ్చి చూడండి. అవుట్‌పుట్ కలిస్తే మోడల్ బాగానే ఉంది, డేటా వైపు వెతకాలి. కలవకపోతే లోడింగ్‌లోనే ఏదో జరిగింది. ఐదో ఆరో దశాంశ స్థానంలో తేడా వస్తే వదిలేయండి. జీపీయూ నుంచి సీపీయూకి మారినప్పుడు ఆ మాత్రం మామూలే.

గుడ్డిగా ఊహించినట్టే ఉంది, అవుట్‌పుట్ కలవలేదు

పది క్లాసులకు పది శాతం దగ్గర ఆగిందంటే వెయిట్స్ అసలు ఎక్కలేదేమో చూడాలి. పైటార్చ్ లైబ్రరీలో ఎర్రర్ రాకూడదని, పేర్లన్నీ సరిపోలాలనే స్ట్రిక్ట్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేసేవాళ్లు ఎక్కువ. దాంతో ఎర్రర్ పోదు, దాని నోరు మూతపడుతుందంతే. డేటా ప్యారలల్‌లో (పనిని పలు జీపీయూలకు పంచే పద్ధతి) ట్రైన్ చేసి అలాగే సేవ్ చేసిన ఫైల్‌లో ప్రతి పేరు ముందూ ‘మాడ్యూల్.’ అని ఉంటుంది. మోడల్ వెతికేది ‘కన్వ్1.వెయిట్’ కోసం, ఫైల్‌లో ఉన్నది ‘మాడ్యూల్.కన్వ్1.వెయిట్’. రెండూ కలవక రాండమ్ వెయిట్సే మిగిలిపోతాయి. ముందున్న ఆ ముక్కను తీసేసి, స్ట్రిక్ట్‌ను ట్రూగానే ఉంచి లోడ్ చేయండి.

అంతే ఘోరంగా పడిపోయింది, కానీ అవుట్‌పుట్ కలిసింది

లేబుల్స్ తారుమారయ్యాయి. క్లాసుల పేర్లను పైథాన్ సెట్‌లో (ఖాయమైన వరుస ఉండని సముదాయం) వేసి, వచ్చిన వరుసలో నంబర్లు ఇచ్చారేమో చూడండి. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్‌ల హ్యాష్ (పైథాన్ లోపల వాడే అంకె) రన్‌కో రకంగా ఉంటుంది, దాంతో ఆ వరుసా మారుతుంది. నిన్న 0 అంటే పిల్లి, ఇవాళ 0 అంటే గుర్రం. ఒకే నోట్‌బుక్‌లో పని చేసినంతసేపూ ఇది బయటపడదు, అందుకే ఇంతగా ఏడిపిస్తుంది. పేర్లను సార్ట్ చేశాకే నంబర్లివ్వండి, ఆ జాబితాను మోడల్‌తో పాటే సేవ్ చేయండి. టెక్స్ట్ మోడళ్లలో వకాబ్యులరీకీ (పదాలకు నంబర్లిచ్చే జాబితా) ఇదే జాగ్రత్త.

కొంత తగ్గింది, రన్ చేసిన ప్రతిసారీ వేరే అంకె

ఎవాల్ మోడ్ మరిచిపోయి ఉంటారు. నో గ్రాడ్ పెట్టాం కదా అంటారు కొందరు. అది ట్రైనింగ్‌కు కావాల్సిన గ్రేడియంట్ లెక్కను ఆపుతుందే తప్ప డ్రాపౌట్‌ను (కొన్ని యూనిట్లను రాండమ్‌గా ఆపేసే పొర) ఆపదు. బ్యాచ్‌నార్మ్ (విలువలను సగటుతో సరిచేసే పొర) ఉంటే నష్టం ఇంకా ఎక్కువ: ట్రైన్ మోడ్‌లో టెస్ట్ డేటా పంపితే, ఫైల్ నుంచి వచ్చిన రన్నింగ్ సగటులు కూడా చెడిపోతాయి. ఆ తర్వాత ఎవాల్ పిలిచినా లాభం లేదు. ఫైల్‌ను మళ్లీ లోడ్ చేసి, వెంటనే ఎవాల్ పిలవండి.

తగ్గింది, కానీ ప్రతిసారీ ఒకే అంకె

ముందు ప్రీప్రాసెసింగ్ చూడండి: పిక్సెళ్లను 255తో భాగించడం మరిచారా, స్కేలర్‌ను (అంకెలను ఒకే స్థాయికి తెచ్చే సాధనం) టెస్ట్ డేటా మీద మళ్లీ ఫిట్ చేశారా? అక్కడ తేడా లేకపోతే, సేవ్ అయింది వేరే ఎపాక్ (ట్రైనింగ్ డేటా మొత్తం మీద ఒక విడత) వెయిట్స్ కావచ్చు. బెస్ట్ ఎపాక్ స్టేట్ డిక్ట్‌ను (వెయిట్స్ పట్టిక) వేరియబుల్‌లో దాచినంత మాత్రాన కాపీ అవదు, ట్రైనింగ్ సాగేకొద్దీ అదీ మారుతూ ఉంటుంది. డీప్‌కాపీ చేయండి, లేదా అప్పటికప్పుడే ఫైల్‌లోకి రాసేయండి.

పెరిగింది!

సంబరపడకండి. సీడ్ (రాండమ్ ఎంపిక ప్రతిసారీ ఒకేలా రావడానికి ఇచ్చే అంకె) లేకుండా డేటాను ట్రైన్, టెస్ట్‌గా విడగొట్టి ఉంటారు. పాత ట్రైనింగ్ నమూనాలు ఈసారి టెస్ట్‌లోకి వచ్చి పడ్డాయి. ఆ అంకె చెల్లదు. మొదటి విభజన ఎక్కడా దాచుకోకపోతే ఇక మళ్లీ ట్రైన్ చేయాల్సిందే, ఈసారి టెస్ట్ ఇండెక్స్‌లను ఫైల్‌లో పెట్టుకుని.