సెకండ్ హ్యాండ్ టర్బోను ఇంటి దగ్గరే బిగించుకోవాలంటే

మా మేనల్లుడి డీజిల్ బండి కిందటేడు సాలూరు ఘాట్‌లో నిలబడిపోయింది. ఏడు సీట్ల బండి, 2.2 లీటర్ల ఇంజను. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్‌కు కిరాయిలు తిప్పుతుంటాడు. "మావయ్యా, బండి లాగట్లేదు. వెనకాల నీలం పొగ. ఎక్సలేటర్ తొక్కితే సైరన్ మోగినట్టు మోత" అని ఫోన్ చేశాడు. ఇంజను ఆపెయ్యి, మళ్ళీ స్టార్ట్ చెయ్యకు, తాడు కట్టి లాగించుకొని రా అన్నాను. నీలం పొగ అంటే ఇంజనాయిలు కాలుతోందని. సైరన్ మోత అంటే టర్బో లోపలి ఫ్యాను గోడకు రాసుకుంటోందని. ఇంకో కిలోమీటరు నడిపితే ఆ ఫ్యాను ముక్కలు ఇంజనులోకి పోయేవి.

నేను విశాఖపట్నం డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు గజపతినగరం దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. షెడ్డుకు వచ్చే ఆల్కో రకం డీజిల్ రైలింజన్లలో చాలావాటికి 16 సిలిండర్లు. వాటి టర్బోను ఇద్దరు ముగ్గురం క్రేనుకు కట్టి దింపేవాళ్ళం. రైల్వేలో దాన్ని టర్బో సూపర్‌చార్జర్ అంటారు. కారుదైతే అరచేతిలో పడుతుంది, కానీ పని ఒకటే. పొగ పోయే వేగంతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు రెండో చివర ఉన్న ఫ్యాను బయటి గాలిని ఒత్తిడితో ఇంజనులోకి తోస్తుంది. ఉత్త సూపర్‌చార్జర్‌కు పొగతో పని లేదు, ఇంజను పుల్లీ నుంచి బెల్టుతో తిరుగుతుంది. అలాంటి కిట్టు పాతది కొని కారుకు పెట్టించుకుంటామని మా వీధి కుర్రాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళకు నేను ఒకటే చెబుతాను. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. పాడైన టర్బో తీసి అదే నంబరుది పెట్టుకోవడం రిపేరు. లేనిది తెచ్చి తగిలించడం వేరే సంగతి.

ఇక అసలు విషయం. టర్బో దానంతటది చావదు. దాన్ని ఏదో చంపుతుంది. ఆ చంపినదాన్ని పట్టుకోకుండా రెండోది పెడితే, అది పాతదైనా షోరూం నుంచి తెచ్చిన కొత్తదైనా, కొన్ని రోజుల్లో అదే దారి పడుతుంది. కొనడానికి వెళ్ళే ముందే మేము రెండు రోజులు పాతదాన్ని విప్పి చూడటానికే పెట్టాం.

విప్పేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. బండిని జాకీతో లేపితే కింద జాకీ స్టాండ్లు ఉండాలి. మన వైపు ఇటుకలు పేర్చి దూరిపోతారు. దయచేసి అలా చెయ్యకండి. ఇటుక బరువుకు పగిలేటప్పుడు ముందుగా ఏమీ చెప్పదు. టర్బోను ఇంజను పొగ మేనిఫోల్డ్‌కు పట్టి ఉంచే స్టడ్లు ఏళ్ళ తరబడి కాలి ఉంటాయి కాబట్టి రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేశాను. తెల్లారి ఇంకోసారి కొట్టాను. నట్టు కదలకపోతే బలవంతం చెయ్యకుండా కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. స్టడ్ విరిగిందంటే గంటలో అయ్యే పని రెండు రోజులవుతుంది. విప్పిన ప్రతి పైపు మూతికి శుభ్రమైన గుడ్డ కుక్కాను. ఒక చిన్న వాషర్ లోపల పడితే చాలు, కొత్త టర్బో మొదటి నిమిషంలోనే పోతుంది.

టర్బో చేతికి వచ్చాక ఇరుసు పట్టుకొని ఆడిస్తే రెక్కలు గోడకు తగిలేంత ఊగింది. ఫ్యాను రెక్కల అంచులు అరిగి మెరుస్తున్నాయి, కానీ విరగలేదు. అదొక్కటే మా అదృష్టం. విరిగి ఉంటే ఆ ముక్కలు టర్బో తోసే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌లో ఎక్కడ దాక్కున్నాయో వెతకాలి, దొరక్కపోతే ఇంటర్‌కూలర్ మార్చాల్సిందే.

తర్వాత టర్బోకు ఆయిల్ తెచ్చే సన్న పైపు పట్టుకున్నాను. ఈ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైన తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని మోసేది బేరింగు ఇత్తడి కాదు, ఆ ఇత్తడికీ ఇరుసుకూ మధ్య నిలిచే ఆయిల్ పొర. ఆ పొర కొన్ని సెకన్లు లేకపోయినా లోహం లోహాన్ని తింటుంది. సైకిలు బ్రేకు వైరు ఒకటి పైపులోకి దూర్చి చూశాను. మధ్యలో ఆగిపోయింది. కుళ్ళబొడిస్తే నల్లటి బొగ్గు పెచ్చులు రాలాయి, వాటితో పాటు ఎర్రటి రబ్బరు పోగు లాంటిది ఒకటి. పైపు చివర బోల్టులతో బిగించే ఫ్లాంజికి ఎవరో ప్యాకింగు బదులు సిలికాన్ పేస్టు రాశారు. బిగించినప్పుడు ఎక్కువైనది లోపలికి పొంగి, ఎండి, ఊడి, రంధ్రానికి అడ్డం పడింది. ఏడాది కిందట దారిలో ఆయిల్ కారుతోందని ఎక్కడో ఆపి బాగు చేయించానని మేనల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది. దానికి తోడు ఆయిల్ కూడా సమయానికి మార్చలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను, టర్బో ఆయిల్ పైపుల దగ్గర పేస్టు వాడకండి. లోహపు ప్యాకింగు, కొత్త రాగి వాషర్లు, అంతే. బొగ్గు పట్టిన పైపును కడిగి మళ్ళీ వాడటం కూడా నాకు ఇష్టం లేదు. ఎంత కడిగినా లోపలి గోడకు కొంత అంటుకొనే ఉంటుంది, వేడికి తర్వాత వదులుతుంది. టర్బో పాతది కొన్నా ఈ పైపు మాత్రం కొత్తదే కొనిపించాను. ఆ పైపును బిగించే బోలు బోల్టులో (బ్యాంజో బోల్టు) చిన్న జల్లెడ ఉంటే దాన్నీ మార్చాలి. ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబర్ దింపి, లోపలి జల్లెడ (స్ట్రెయినర్) కడిగాం. అడుగున వేలికి జిగురుగా తగిలే మడ్డి ఉంది.

ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి దిగే లావు పైపును చాలామంది చూడరు. టర్బోలోంచి ఆయిల్ తోసుకుంటూ రాదు, బరువుకు కిందికి జారుతుంది. ఆ పైపు మడత పడినా, పూడినా ఆయిల్ పైనే నిలిచి సీళ్ళ పక్క నుంచి గాలి పైపులోకీ పొగ గొట్టంలోకీ కారుతుంది. అప్పుడు మంచి టర్బోను కూడా పోయిందంటారు. ఇంజను ఆవిరి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయినా అదే జరుగుతుంది. రెండూ నోటితో ఊది చూడండి.

ఇంటర్‌కూలర్‌లో నుంచి గ్లాసుడు ఆయిల్ వచ్చింది. కిరసనాయిలుతో రెండుసార్లు కడిగి, ఒక రాత్రి బోర్లించి, మర్నాడంతా ఎండలో పెట్టాను. ఇక్కడ తొందర పనికిరాదు. ఎందుకో స్టార్టింగు దగ్గర చెబుతాను.

కొనడం విషయానికి వస్తే, విశాఖలో పాత సామాన్ల కొట్లు తిరిగి నాలుగు చూసి మూడు వదిలేశాను. చూడాల్సిన మొదటిది నంబరు ప్లేటు. ఒకే ఇంజను రెండు మూడు పవర్లలో వస్తుంది, టర్బోలు చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ లోపలి కొలతలు వేరు. ఒకటి ఎక్కువైన పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేటుది, ఇంకొకటి పొగ చక్రం చుట్టూ రెక్కలు కదిలే వీజీటీది కావచ్చు. ప్లేటు పీకేసిన టర్బో ఎంత మెరిసినా కొనను. తర్వాత ఇరుసు. పక్కలకు కొంచెం కదిలితే భయం లేదు, ఆయిల్ లేనప్పుడు కదలాలి కూడా. కానీ ఎంత పక్కకు నొక్కి తిప్పినా రెక్క గోడకు తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం వేలికి కదలిక తెలియకూడదు. సన్న కదలిక కొలిచే డయల్ గేజు ఉంటే పెట్టండి, మిల్లీమీటరులో పదో వంతు కదిలితే అది మనకొద్దు. రెక్కలను టార్చి వేసి ఒక్కొక్కటే చూడాలి. అంచు వంగినా, నొక్కు పడినా వదిలెయ్యాలి.

వీజీటీ అయితే లివరు వేలితో మొదటి నుంచి చివరి దాకా సాఫీగా నడవాలి. మసి పట్టి మధ్యలో పట్టేస్తే బండి ఒకసారి లాగుతుంది, ఒకసారి లాగదు. ఆ లివరును కడ్డీతో కదిలించేదాన్ని యాక్చుయేటర్ అంటారు, మాది గాలి పీల్చితే పనిచేసే వాక్యూమ్ రకం. గొట్టం పెట్టి పీల్చి, వేలితో మూశాను. కడ్డీ లోపలికి వెళ్ళి అక్కడే నిలిచింది. మెల్లగా జారి వెనక్కి వస్తే లోపల రబ్బరు పొర చిరిగినట్టు. పక్కనుండే ఆపు స్క్రూ ఎవరైనా తిప్పారేమో, దాని మీది రంగు గుర్తు చెదిరిందేమో చూడండి. మోటారుతో నడిచే యాక్చుయేటరైతే బిగించాక స్కానరుతో సెట్ చేయించాలి, ఆ పని ఇంట్లో అవదు.

కొట్టువాడు కంప్రెసరు గాలి కొట్టి "చూడు బావూ, ఎంత బాగా తిరుగుతోందో" అన్నాడు. వెంటనే ఆపించాను. పొడి బేరింగు మీద గాలికి తిప్పితే ఆ ఆట చాలు, మంచిది కూడా గీతలు పడుతుంది. మధ్య భాగం విప్పి శుభ్రం చేస్తామని కూడా అనుకోవద్దు. ఇరుసు, రెండు చక్రాలు కలిపి బ్యాలెన్సు చేసి ఉంటాయి.

బిగించడంలో పెద్ద చదువేమీ లేదు. ఫ్లాంజి ముఖాలు గీకి నున్నగా చెయ్యడం, కొత్త లోహపు ప్యాకింగులు, నట్లు ముందు చేత్తో ఎక్కించి తర్వాత ఎదురెదురుగా మాన్యువల్‌లోని టార్కుకు బిగించడం. నీటి పైపులు ఉన్న టర్బో అయితే కూలెంటు నింపి గాలి బుడగలు తీయాలి. కొత్త ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టరు, కొత్త ఎయిర్ ఫిల్టరు.

అసలు జాగ్రత్త ఇక్కడ. ఆయిల్ పైపు తగిలించే ముందు ఆ రంధ్రంలో శుభ్రమైన ఇంజనాయిలు పోసి, ఫ్యానును వేలితో తిప్పుతూ మళ్ళీ పోశాను. ఇంజను స్టార్టయితే టర్బో వెంటనే తిరుగుతుంది, ఖాళీ పైపులో ఆయిల్ నిండేసరికి మాత్రం ఆలస్యమవుతుంది. అందుకని ఇంజెక్టర్ల కరెంటు కనెక్టర్లు నాలుగూ పీకి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, నిమిషం ఆగి, మళ్ళీ కొట్టాం. కింద లావు పైపు కొంచెం వదిలి పళ్ళెం పెట్టాను. నాలుగోసారికి పళ్ళెంలో ఆయిల్ ధార పడింది. అప్పుడే దాన్ని బిగించాను. డీజిలు ఆపడానికి ఇంజెక్టర్లకు డీజిలు తెచ్చే కామన్ రైల్ పైపుల నట్లు మాత్రం వదులు చెయ్యకండి. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ధార చర్మంలోకి సూదిలా దిగుతుంది.

స్టార్ట్ చేసే ముందు బండిని స్టాండ్ల నుంచి దింపి చక్రాల మీద నిలబెట్టాలి. ఇంటర్‌కూలర్‌లో ఆయిలో కిరసనాయిలో మిగిలి ఉంటే డీజిల్ ఇంజను దాన్నే తాగి రేగిపోతుంది. తాళం చెవి తీసినా ఆగదు, ఇంజను పగిలేదాకా పరుగెడుతుంది. అందుకే ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసి, గాలి పైపు మూతి బయటికి పెట్టి, దాని పక్కన చక్క పలక పట్టుకొని నేను నిలబడ్డాను. రేగితే పలకతో మూతి మూసెయ్యాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు, గుడ్డ పెట్టకూడదు, లాక్కుంటుంది. సీట్లో మేనల్లుడికి చెప్పింది: నేను చెయ్యి ఊపితే ఐదో గేరు వేసి, బ్రేకు నిలబడి తొక్కి, క్లచ్ వదిలెయ్యి.

ఆ అవసరం రాలేదు. మొదట కొంచెం తెల్ల పొగ వచ్చి తేరుకుంది. ఐదు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, ఒక్కసారి కూడా రేజ్ చెయ్యనివ్వకుండా, ప్రతి జాయింటు కిందా తెల్ల కాయితం పెట్టి చూశాను. "ఏటి మావయ్యా, ఇక తొక్కొచ్చా?" అని మూడుసార్లు అడిగాడు. ఆపి, చల్లారాక ఆయిల్ కొలత చూసి, నట్లు ఇంకోసారి సరిచూశాకే గజపతినగరం నుంచి రామభద్రపురం దాకా నెమ్మదిగా వెళ్ళొచ్చాం. ఘాట్ వారం తర్వాత ఎక్కాడు. పైకి చేరాక ఇంజను వెంటనే ఆపకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమని చెప్పాను. ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ నిలిచిపోతే అక్కడే మాడి బొగ్గవుతుంది. నేను పైపులోంచి పొడిచి తీసిన పెచ్చులు అలా తయారైనవే.

వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మళ్ళీ మార్పించాను. తీసిన ఫిల్టరు డబ్బాను కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో పరిచి చూశాను. ఇత్తడి రంగు మెరుపు ఎక్కడా లేదు.