కాగితాలన్నీ సక్రమమే, అయినా అనుమానం పోవడం లేదు: స్వచ్ఛంద సంస్థల్లో విరుద్ధ ప్రయోజనాల సమస్య - పరిష్కారం

ఇది సంస్థను నడిపేవాళ్ల కోసం. అంటే అధ్యక్షులు, కార్యదర్శులు, మేనేజింగ్ ట్రస్టీలు, డైరెక్టర్లు. తీర్మానం, కోరం, మినిట్స్ అంటే ఏమిటో మీకు తెలుసన్న లెక్కలోనే రాస్తున్నాను. సంస్థ తరఫున నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి అదే నిర్ణయంలో తన లాభమో, తనవాళ్ల లాభమో కూడా ఉంటే అది విరుద్ధ ప్రయోజనం. అలాంటిది ఉండటమే తప్పేమీ కాదు. నలుగురితో పరిచయాలున్నవాళ్లనే కదా మనం ఏరికోరి బోర్డులోకి తీసుకునేది! ఉన్నదాన్ని సరిగ్గా చూసుకోకపోతేనే గొడవలు మొదలవుతాయి.

ముందు ఈ ఒక్కటి చూడండి

సమస్య ఏదైనా సరే, లాయర్‌కు ఫోన్ చేసేముందు రెండు కాగితాలు బల్ల మీద పెట్టుకోండి. ఒకటి, గత రెండు మూడేళ్లలో సంస్థ ఎవరెవరికి డబ్బు చెల్లించిందో ఆ జాబితా. రెండోది, బోర్డు సభ్యులూ ముఖ్య ఉద్యోగులూ తమ ప్రయోజనాలు రాసిచ్చిన రిజిస్టర్. పక్కపక్కన పెట్టి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, సంస్థల యజమానుల పేర్లు సరిచూడండి. ఒక మధ్యాహ్నం పని. దీన్ని వదిలేసి నేరుగా ‘మనకో మంచి పాలసీ రాయిద్దాం’ అనేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది. పాలసీ లేక చెడిన సంస్థలకన్నా పాలసీని బీరువాలో పెట్టుకుని చెడినవే నాకు ఎక్కువ తగిలాయి.

అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990లో దీని మీద మూడు ప్రశ్నలుంటాయి. రాతపూర్వక పాలసీ ఉందా? ఏటా అందరి దగ్గరా వివరాలు తీసుకుంటున్నారా? పాలసీ అమలవుతోందో లేదో క్రమం తప్పకుండా చూస్తున్నారా? మొదటి రెండింటికీ ‘అవును’ అని టిక్కు పెట్టడం సులువు. మూడోదానికి నిజాయతీగా ‘అవును’ అనాలంటే పైన చెప్పిన రెండు కాగితాలూ ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టి చూసి ఉండాలి.

లక్షణం: రిజిస్టర్ నిండా ‘ఏమీ లేవు’

పన్నెండు మంది సభ్యులుంటే పన్నెండు మందీ ‘ఏమీ లేవు’ అని సంతకం పెట్టారు. ఎవరికీ ఏ వ్యాపారంతోనూ, ఏ ఇతర సంస్థతోనూ సంబంధం లేదన్నమాట. నమ్మకండి.

కారణం చాలాసార్లు మోసం కాదు, ప్రశ్న అడిగిన తీరు. ‘మీకు విరుద్ధ ప్రయోజనాలు ఏమైనా ఉన్నాయా?’ అని అడిగితే ఎదుటి మనిషికి అది ‘మీరేమైనా తినేస్తున్నారా?’ అన్నట్టు వినిపిస్తుంది. పరువున్న మనిషి ఎవరైనా లేవనే అంటారు.

పరిష్కారం: తీర్పు అడగకండి, వివరాలు అడగండి. మీరు ఏయే వ్యాపారాల్లో వాటాదారు? ఇంట్లోవాళ్లు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారు? ఇంకా ఏయే సంస్థల బోర్డుల్లో ఉన్నారు? మన సిబ్బందికి గానీ, మనకు సరుకులు ఇచ్చేవాళ్లకు గానీ మీరు అప్పిచ్చారా, తీసుకున్నారా? ఏది విరుద్ధమో తేల్చే పని సభ్యుడి మీద పెట్టకుండా బోర్డే చేయాలి. ఫారం ఏడాదికోసారి నింపితే చాలదు. ప్రతి సమావేశం మొదట్లో అజెండా చదివి ‘ఇందులో దేనితోనైనా ఎవరికైనా సంబంధం ఉందా?’ అని అడిగి, జవాబు మినిట్స్‌లో రాయండి.

లక్షణం: అన్నీ రూల్ ప్రకారమే చేశాం, అయినా గుసగుసలు ఆగడం లేదు

మనం ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. పైకి ఏ లోపమూ కనిపించదు కాబట్టే ఇది చాలామందిని ముంచుతుంది. నన్ను సాయానికి పిలిచిన చోట్ల దీనితో పడ్డన్ని తిప్పలు మరి దేనితోనూ పడలేదు.

దృశ్యం ఇలా ఉంటుంది. సభ్యుడు తనకు సంబంధం ఉందని బోర్డుకు చెప్పాడు. ఓటింగ్ సమయంలో బయటికి వెళ్లాడు. మిగతావాళ్లు మూడు కొటేషన్లు చూసి నిర్ణయించారు. మినిట్స్‌లో అంతా ఉంది. అయినా సిబ్బంది మొహాలు చూసుకుంటున్నారు. పని దక్కనివాళ్లు ‘ముందే తెలుసు’ అంటున్నారు. ఒక దాత లెక్కలు అడుగుతున్నారు. నాయకుడేమో ‘ఆయన ఓటే వేయలేదు కదండీ!’ అని తల పట్టుకుంటాడు.

కారణం: ఓటు వేసే నాటికి నిర్ణయం ఎప్పుడో అయిపోయింది.

ఉదాహరణకు సంస్థకు కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కావాలనుకోండి. బోర్డులో ఆ రంగం తెలిసిన ట్రస్టీ ఒకాయన ఉన్నాడు. ఆయన బావమరిదికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ఎవరికీ దురుద్దేశం లేదు. ‘మీకు తెలిసిన పనే కదా, ఏమేం కావాలో కాస్త రాసిపెట్టండి’ అని నాయకుడే ఆయన్ను అడుగుతాడు. ఆయన తనకు తెలిసినవి రాస్తాడు. ఆయనకు తెలిసింది బావమరిది సాఫ్ట్‌వేర్. దాంతో అందులో ఉన్న సదుపాయాలే సంస్థ ‘అవసరాలు’ అయి కూర్చుంటాయి. గడువు పది రోజులు పెడతారు. ముందే విషయం తెలిసినవాళ్లకు అది సరిపోతుంది, కొత్తవాళ్లకు చాలదు. కొటేషన్లు ఎవర్ని అడగాలో పేర్లు కూడా ఆయనే ఇస్తాడు. మూడు వస్తాయి, రెండు అవసరాలకు సరిపోవు. అప్పుడు సమావేశం పెడతారు, అప్పుడు ఆయన లేచి బయటికి వెళతాడు. ఖాళీ కుర్చీ సాక్షిగా బోర్డు ఉన్న ఒక్కదాన్నే ‘ఎంపిక’ చేస్తుంది.

అంతటితోనూ అయిపోదు. పని సరిగ్గా జరిగిందా, బిల్లు పాస్ చేయొచ్చా అని చెప్పగలిగేది ఎవరు? మళ్లీ ఆయనే. తప్పుకున్నది ఆ పది నిమిషాలే, దానికి ముందు నెలా, తర్వాత ఏడాదీ ఆయన చేతిలోనే.

‘ముందే చెప్పేశాడు కదా’ అన్న ధీమా దీన్ని ఇంకా ముదరబెడుతుంది. 2005లో డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టైన్, డాన్ మూర్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం దీనికి బాగా అతుకుతుంది. గాజు సీసాలో ఉన్న నాణేల విలువను కొందరు అంచనా కట్టాలి, సీసాను దగ్గరగా చూసిన సలహాదారులు వాళ్లకు సలహా ఇవ్వాలి. అంచనా ఎంత ఎక్కువైతే కొందరు సలహాదారులకు అంత ఎక్కువ డబ్బు. ఈ సంగతి అంచనా కట్టేవాళ్లకు ముందే చెప్పినప్పుడు సలహాదారులు ఇంకా పెంచి చెప్పారు. విన్నవాళ్లు తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు. చెప్పేశాం కాబట్టి ఇక మన బాధ్యత తీరిందని వీళ్లు, చెప్పాడు కాబట్టి నిజాయతీపరుడని వాళ్లు. బోర్డు గదిలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. అందుకే వెల్లడించడాన్ని మొదటి మెట్టుగానే లెక్కవేయండి.

దీన్ని పట్టుకోవడానికి తీర్మానం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. ఇది కావాలని మొదట అన్నది ఎవరు? అవసరాలు రాసింది ఎవరు? పేర్లు ఇచ్చింది, గడువు పెట్టింది ఎవరు? కొటేషన్లను పోల్చి పట్టిక తయారుచేసింది ఎవరు? ఆ తర్వాత ముందుకు వచ్చి, బిల్లు మీద సంతకం పెడుతున్నది ఎవరో చూడండి. ఒక్కో ప్రశ్నకు ఎదురుగా ఒక్కో పేరు రాయండి. సంబంధం ఉన్న మనిషి పేరు ఎక్కడ కనిపించినా జబ్బు అక్కడుంది.

ఇక పరిష్కారం. ఒప్పందం ఇంకా కుదరకపోతే సంబంధం లేనివాళ్లతో అవసరాలు మళ్లీ రాయించి, తగినంత గడువుతో కొటేషన్లు మళ్లీ పిలవండి. టైమ్ పోతుందని బోర్డులో ఎవరో ఒకరు సణుగుతారు, సణగనివ్వండి. ఒప్పందం ఇప్పటికే నడుస్తుంటే కంగారుపడి రద్దు చేయకండి, అందులో సంస్థకు నష్టం ఉండొచ్చు. పని తనిఖీ, బిల్లు ఆమోదం వెంటనే వేరేవాళ్లకు అప్పగించండి. గడువు తీరాక పొడిగించకుండా మొదటి నుంచి కొత్తగా పిలవండి.

ఇక ముందు మాత్రం, తప్పుకోవడం అవసరం మాటల్లోకి వచ్చిన రోజు నుంచే మొదలుకావాలి. ఆ మనిషికి ఉన్న నైపుణ్యం కావాలంటే బోర్డు రాతలో ప్రశ్నలు అడగవచ్చు, ఆయన రాతలో జవాబివ్వవచ్చు. డ్రాఫ్ట్ రాయడం, పేర్లు సూచించడం, పోటీదారుల కొటేషన్లు చూడటం మాత్రం కుదరదు. గదిలోంచి వెళ్లడమంటే ఆ విషయం నడుస్తున్న ఈమెయిళ్ల నుంచి, వాట్సాప్ గ్రూపు నుంచి కూడా వెళ్లడమే. గదిలోంచి లేచి, గ్రూపులో ‘ఏమైంది?’ అని అడిగే తప్పుకోవడాలు బోలెడు. ఒకరు లేస్తే కోరం పడిపోతుందేమో సమావేశానికి ముందే లెక్కచూసుకోండి. చివరి క్షణంలో ‘కోరం కోసం కూర్చోండి సార్’ అనిపించుకోవద్దు.

మినిట్స్ ఎంత వివరంగా ఉండాలన్నదానికి ఒక మంచి కొలత అమెరికా పన్ను చట్టంలో ఉంది. సంస్థలో పలుకుబడి ఉన్న మనిషికి సంస్థ చెల్లించే జీతం గానీ, ఆ మనిషితో చేసుకునే ఒప్పందం గానీ న్యాయమైనదని ముందస్తుగా భావించాలంటే మూడు షరతులు. సంబంధం లేనివాళ్లే ఆమోదించాలి. మార్కెట్‌తో పోల్చిన వివరాలు వాళ్ల ముందు ఉండాలి. ఎందుకు ఆమోదించారో అప్పుడే నమోదు చేయాలి. దీనికి గడువు తర్వాతి సమావేశం లేదా 60 రోజులు, వీటిలో ఏది ఆలస్యమైతే అది. న్యాయమైనదానికన్నా ఎక్కువ ముట్టిందని తేలితే ఆ అదనపు మొత్తం మీద తీసుకున్న మనిషికి 25 శాతం పన్ను, గడువులోగా సరిదిద్దకపోతే ఆపైన 200 శాతం. మీకు ఆ చట్టం వర్తించకపోయినా ఈ మూడు షరతులూ పాటించండి. ఎన్నాళ్ల తర్వాత ఎవరు అడిగినా మీ దగ్గర జవాబుంటుంది.

ఇక్కడ ఒక వాదన తప్పకుండా వస్తుంది: ‘మార్కెట్ కన్నా తక్కువకే ఇచ్చాడు కదా, సంస్థకు నష్టమేముంది?’ దీనికి 1726లోనే ఇంగ్లండ్ కోర్టు జవాబు చెప్పింది. ఒక పిల్లవాడి తరఫున ట్రస్టీ రాంఫర్డ్ మార్కెట్ లీజు చూసుకుంటున్నాడు. గడువు తీరాక పిల్లవాడి పేర పొడిగించనని యజమాని తెగేసి చెప్పాడు. దాంతో ట్రస్టీ తన పేర లీజు తీసుకున్నాడు. పిల్లవాడికి ఎలాగూ రానిదే కదా అన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు, లీజూ దాని లాభాలూ పిల్లవాడివే అంది. లోకంలో ఎవరైనా ఆ లీజు తీసుకోవచ్చు, ట్రస్టీ ఒక్కడు తప్ప అన్నది ఆ తీర్పు సారాంశం. మోసం రుజువు కావాల్సిన పనే లేకపోయింది. ఒక్కసారి ఫలితం చూసి సడలిస్తే, ప్రతి ట్రస్టీకీ చెప్పుకోవడానికి ఒక మంచి ఫలితం ఉంటుంది. నిజంగా ఊరికే ఇస్తానంటే విరాళంగా తీసుకుని రసీదు ఇవ్వండి. మొదటి ఏడాది ఉచితం, రెండో ఏడాది నుంచి మెయింటెనెన్స్ చార్జీలు అంటే మాత్రం అది విరాళం కాదు, అమ్మకం.

లక్షణం: సంబంధం ఉన్నది మీకే

మీ జీతం, మీ బంధువు ఉద్యోగం, మీ భవనానికి సంస్థ కట్టే అద్దె. సిబ్బంది మీ ముందు నోరు విప్పరు, కాబట్టి లక్షణం మీకు కనిపించదు. ‘నా గురించి అందరికీ తెలుసు’ అని మీకు మీరే అనుకుంటున్నారంటే అదే లక్షణం.

పరిష్కారం: బోర్డు అధ్యక్షులకు, అధ్యక్షులు మీరే అయితే బోర్డు మొత్తానికి రాతలో తెలియజేసి ఫైలు వదిలేయండి. దాన్ని పరిశీలించేవాళ్లను మీరు ఎంపిక చేయకూడదు. మీ కింద పనిచేసే అకౌంటెంట్‌తో మీ జీతం సబబేనని నోట్ రాయించడం అస్సలు కుదరదు. బంధువును తీసుకున్నా ఆ మనిషి మీకు రిపోర్టు చేయకూడదు, జీతం పెంపు మీ చేతిలో ఉండకూడదు.

లక్షణం: డబ్బు ఎవరికీ ముట్టలేదు, అయినా ఏదో తేడాగా ఉంది

ఆ సభ్యుడు ఇంకో సంస్థ బోర్డులోనూ ఉన్నాడేమో చూడండి. రెండు సంస్థలూ ఒకే గ్రాంటుకు దరఖాస్తు చేస్తే ఆయన సొంతానికి రూపాయి రాకపోయినా విధేయత రెండుగా చీలుతుంది, మీ దరఖాస్తులోని లెక్కలు ఆయన చెవిన పడతాయి. ఆ గ్రాంటు తేలేదాకా రెండు చోట్లా ఆయన్ను దూరంగా ఉంచండి. ఇది తరచూ జరుగుతుంటే ఏదో ఒక బోర్డు ఎంచుకోమనండి.

అరుదైనవి

దాత తన కంపెనీ దగ్గరే కొనాలని షరతు పెడితే దాన్ని విరాళంగా చూడకండి, బేరంగా చూసి బోర్డు ముందు పెట్టండి. బహుమతులు వస్తే పుస్తకంలో రాసి, పరిమితి దాటినవి వెనక్కి పంపండి. చాటుగా కమీషన్ తీసుకుంటున్నారని తెలిస్తే అది ఈ గైడ్ పరిధి దాటిపోయింది, ఆడిటర్ దగ్గరికీ పోలీసుల దగ్గరికీ వెళ్లండి. బోర్డు అంతా ఒకే కుటుంబమైతే పైన చెప్పినవేవీ పనిచేయవు, ఎందుకంటే ఒకరు బయటికి వెళితే గదిలో మిగిలేది వాళ్ల అన్నదమ్ములే. ముందు బయటివాళ్లను తగినంత మందిని బోర్డులోకి తీసుకోండి, ఆ తర్వాతే మొదటి రెండు కాగితాల దగ్గరికి రండి. వివరాలు ఇవ్వనని మొండికేసే సభ్యుడికి ఒక గడువు రాతలో ఇవ్వండి, దాటితే రాజీనామా అడగండి.